ఉప్పుబండ్ల రేవు

తెల్లారకముందే, కొర్లగుంటలో కుక్కలు తప్ప ఎవరూ లేవలేదు.
హ్యాండిలుకు రెండు సీసాల నీళ్ళు,
క్యారియరు మీద సంగటి, ఊరిబిండి,
సీటు కింద సంచిలో సొల్యూషన్ ట్యూబు, ఉప్పుకాగితం,
పాత ట్యూబులోంచి కత్తిరించిన నాలుగు ముక్కలు.
ఆదివారం. షాపు లేదు.

వెనకాల కొండమీద దీపాల వరస.
ఊరంతా దానికెదురుగా నడిచే ఊళ్ళో
ఇవాళ దానికి వీపు పెట్టి తొక్కుతున్నా,
ఏ మొక్కూ లేకుండా,
ఒక రాయిని చూడ్డానికి.

రేణిగుంట దాటాక ఎదురుగాలి.
ముప్పై ఏళ్ళుగా రీట్రేడింగ్ షాపులో
అరిగిన టైర్లకు కొత్త గాడి పోస్తున్నా.
పక్కనించి లారీ పోతే చప్పుడు విని చెప్పగలను
బోడైపోయిన టైరు ముందుదో వెనకదో.
ఎవరూ అడగరు.

రాయి సంగతి చెప్పింది క్లీనరు దస్తగిరి.
"స్వర్ణముఖి ఒడ్డున, ఉప్పుబండ్లు దిగిన చోట
బండలో జానెడు లోతు గాడి ఉండాదన్నా.
నీ మిషను గూడా అంత తీరుగా కొయ్యదు."
మిషనునంటే నాకు రోషమొచ్చింది.
అంతే.
రానూపోనూ డెబ్బై కిలోమీటర్లు
ఆ రోషం మీదే.

ఏర్పేడులో టీ.
"యాడికన్నా?"
"రేవుకి."
"రేవులో ఏముండాది, ఇసక గాక?"

తారు అయిపోయింది. తర్వాత కంకర. తర్వాత దుమ్ము.
ఆ తర్వాత సైకిలే నన్ను దిగమంది.

ఏరంటే, ఈ కొస నుంచి ఆ కొసకు
ఎండలో ఆరబోసిన పిండి.
అయినా ఈ పక్క జనం "ఏరు దాటి రా" అంటారు గానీ
"ఇసక దాటి రా" అనరు.

తుమ్మపొద చాటున దొరికింది రాయి.
జంటగా రెండు గాడులు, ఏటిలోకి వంగి దిగిపోతూ.
వేలు పెడితే చుర్రుమంది.
కుడి అంచు మరీ నున్నగా ఉంది.
ఎడ్లు బెదిరి లాగినప్పుడల్లా
చక్రం ఒరుసుకున్న చోటు కాబోలు.
ఎన్ని ఇనప పట్టాలు అరిగాయో, ఎంత ఉప్పు చిందిందో,
ఏ బండివాడూ ఇది చెక్కుతున్నానని అనుకుని ఉండడు.
దస్తగిరి అన్నది నిజమే.
వాడికి చెప్పను.

ఇంత దూరమొచ్చి దాటకుండా పోతే ఎట్లా?
చక్రం మూడు చుట్లు తిరిగి దిగబడింది.
నెట్టా. రాలేదు.
చివరికి భుజానికెత్తుకున్నా,
గొలుసు నూనె చొక్కాకంటుతూ,
పెడలు పక్కటెముకల్లో పొడుస్తూ.

ఏటి నడుమ ఒకామె చెలమ తోడుతోంది.
పేరు చెంగమ్మ. చేతిలో కొబ్బరిచిప్ప, పక్కన రెండు మేకలు.
"దాన్ని మనం ఎక్కాల గదప్పా?
అదే నిన్నెక్కిందే!"
నవ్వొచ్చి దించేశా.

చెలమలో మొదట బురద. తోడి పారబోసింది.
మళ్ళీ ఊరింది, పాలరంగు. అదీ పారబోసింది.
మూడోసారి అందులో ఆకాశం కనబడింది.
"ఇప్పుడు తాగు."
నా సీసాల్లో నీళ్ళు టీలా కాగి ఉన్నాయి.
అవి మేకలకు పోశా.

"ఎంత లోతులో పడతాయి నీళ్ళు?"
"మా అత్త నాటికి జానెడు. నాకు చెయ్యంత.
నా కోడలు నిచ్చెన తెచ్చుకోవాల."
చెప్పి, బిందె మీద బట్ట కప్పుకుని పోయింది.

అవతలి ఒడ్డున రాయి లేదు.
రాత్రి ఇసక తోలుకుపోయిన ట్రాక్టర్ల జాడలు,
ఒకదాని మీద ఒకటి.
వంగి చూశా.
ఏటవాలు గీత, నడుమ చేపముల్లు అచ్చు,
ఆ డిజైను నాదే.
నెల కిందట పోసిన గాడి,
అంచులింకా పదునుగా ఉన్నాయి.

సంగటి అక్కడే కూర్చుని తిన్నా. పంటికింద ఇసక.
గాలి ఆ అచ్చును కొంచెం కొంచెంగా పూడ్చింది,
బాగా చెరిగేదాకా నేను లేవలేదు.

సోమవారం పొద్దున దస్తగిరి:
"చూసినావా అన్నా, ఎంత లోతుందో?"
చూశానన్నా.
ఏది చూశానో చెప్పలేదు.
మిషను ఆన్ చేసి,
బోడి టైరు ఒకటి ఎక్కించా.